సోమవారం పొద్దున ఒకటి

సువా
మార్చి 6, 1994

చిన్నమ్మకు,

నీ మూట అందింది. ఎండు చేపలు హాస్టలు మెట్ల మీదే సగం పోయాయి. వాసన పట్టుకుని పక్క గదుల అమ్మాయిలంతా వచ్చేశారు. మిగతా సగం పెట్టెలో దాచి తాళం వేశాను.

అన్నయ్య క్షేమంగా ఓడ ఎక్కాడు, నీ కొడుకు గురించి దిగులు పడకు. నేనూ రేవుకు వెళ్ళాను, దూరంగా నిలబడ్డాను. నువ్వు అల్లిన చాప భుజాన పెట్టుకుని పోవడం కనిపించింది. చర్మం డాక్టరు మంచాయన అని విన్నాను. మన ఓడలను నమ్మడానికి లేదని మందు ఎక్కువగానే రాశారు. ఆ మోచేతుల పొలుసులు, ఆ దురద ఇకనైనా తగ్గితే చాలు.

నీకు ఒక సంగతి చెప్పాలి, వింటే నవ్వుతావు. మాది ఆఖరి ఏడు కదా, రోజూ పొద్దున ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర పని. మందు చేతికివ్వడం సగం పనే. ఎప్పుడు ఎలా వేసుకోవాలో చెప్పి, మళ్ళీ రోగి నోటితో చెప్పించాలి. అప్పుడే మార్కులు. మొన్న బుధవారం చీటీ అందుకుంటే దాని మీద పెనాయా అని ఉంది. తలెత్తి చూస్తే అన్నయ్యే! నన్ను చూడగానే గిర్రున తిరిగి నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేనూ తల దించుకున్నాను. ఏం చెయ్యను? అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోకూడదన్న మన కట్టుబాటు ప్రకారం, నేను పెద్దదాన్నయిన నాటి నుంచి మా ఇద్దరికీ మాట లేదు. నీ ఇంట్లోనే, ఒకే చాప మీద కూర్చుని తింటూ, ఉప్పు కావాలన్నా నీచేత అడిగించుకున్నవాళ్ళం.

అన్నయ్య వెనక రేవా వైపు ముసలాయన ఒకడు దగ్గు మందుకు నిలబడ్డాడు. వాళ్ళ ఊరికీ మన దీవికీ వేళాకోళపు వరస కదా, నా అదృష్టం.

"తాతా, ఈ మాట కాస్త ఆయనకు చెప్పవా?" అన్నాను.

"ఆయన నాకంటే నీకే దగ్గరగా ఉన్నాడే! నీ నోటికేమైంది? మీ దీవోళ్ళంతా ఇంతేనా?"

"మా అన్న, తాతా."

"అన్నా! ముందే చెప్పొద్దూ. సరే, ఇటు తే ఆ మాట. దగ్గు మందుకొస్తే రాయబారం అంటగట్టారు నాకు."

నేను చెప్పింది ముసలాయన అన్నయ్య వీపుకు అప్పజెప్పాడు. "విన్నావా, చేపలోడా? మీ చెల్లెలు చదివిన చదువంతా ఇదే. దార్లో పారేసుకోకు!" అన్నాడు. వీపు ఊగింది. వరసంతా ఒకటే నవ్వు. మందు కవరు గట్టు మీద పెట్టి నేను వెనక్కి జరిగాను. అన్నయ్య ఇటు చూడకుండా చెయ్యి వెనక్కి చాచి తడిమి తీసుకున్నాడు. మా సింగ్ మేడమ్ వచ్చి, "రోగి తిరిగి చెప్పాడా?" అంటే, "వీపు ఊపాడు మేడమ్" అన్నాను. ఆవిడా నవ్వేసి మార్కులు వేసింది.

ఏం మందో, ఎలా వాడాలో మాత్రం నన్ను అడగకు. కన్నతల్లికైనా చెప్పకూడదని మాచేత మొదటి ఏడే ప్రమాణం చేయించారు. కావాలంటే అన్నయ్యనే అడుగు.

నవంబరులో ఆఖరి పరీక్షలు. తరవాత ఒక ఏడు శిక్షణ, ఆపైన లైసెన్సు. మన దీవి డిస్పెన్సరీకే నన్ను వెయ్యమని అడుగుతాను. అన్నయ్య చేతులు ఎలా ఉన్నాయో రాయి.

నీ ఉనాయిసి


వైతోకా గ్రామం, మువానా దీవి
మార్చి 25

ఉనాయిసీ, తల్లీ,

చేపలు మెట్ల మీద పంచిపెట్టడానికి పంపలేదు. పరీక్షల రోజుల్లో నీరసం రాకుండా పంపాను. ఈసారి మూటను రెండుగా కట్టి ఒకదాని మీద "ఉనాయిసికి మాత్రమే" అని రాస్తాను. అప్పుడైనా నీ నోటికి చేరుతుందేమో చూద్దాం.

పెనాయా వచ్చాడు. ఓడ దిగి చిన్న పడవలో పగడపు గట్టు దాటుతుంటే అల కొట్టింది. సంచి తడిసింది, కొనుక్కొచ్చిన పిండి పోయింది. మందు కవరు ముద్దయింది. దాని మీద నువ్వు రాసిందంతా నీలం మరకగా మిగిలింది. లోపలి ప్లాస్టిక్ సంచి గట్టిది కాబట్టి మాత్రలు మాత్రం తడవలేదు. వాటిని గుడ్డ మీద ఆరబోసి, జామ్ సీసా కడిగి అందులో పోశాను. "పెనాయా - పొద్దున" అని చీటీ రాసి అంటించాను. టీ ఆకు డబ్బాకూ పంచదార డబ్బాకూ నడుమ పెట్టాను. నా అలమరలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని నీకు తెలుసు.

"చెల్లెలు ఏం చెప్పిందిరా?" అని అడిగాను.

"పొద్దున ఒకటంట."

"ఇంకా?"

"ఇంకేముంది? ముసలోడి గోల. ఏం, పెత్తనం నీకే కావాలా? తీసుకో."

తీసుకున్నాను. వాడి మీద వదిలేస్తే పడవ తోసుకుని పోతాడు, మందు గుర్తుండదు. అందుకని పొద్దున్నే నిమ్మాకు టీతో నేనే అరచేతిలో పెడుతున్నాను. మింగి నోరు తెరిచి చూపించేదాకా కప్పు ఇవ్వను. నన్ను పోలీసమ్మ అంటున్నాడు. అననీ. పొలుసులు అప్పుడే పలచబడ్డాయి. దురద లేక పొద్దెక్కేదాకా నిద్రపోతున్నాడు.

డిస్పెన్సరీ గదికి సున్నం వేస్తున్నారు. పెద్దలు నీ కోసమే అంటున్నారు. నీకు కిటికీ ఎటువైపు కావాలో చెప్పు, ఇప్పుడే కొట్టిస్తే మేలు.

ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ ఉత్తరం పోస్టు సంచిలో వేసి ఉంచుతాను.

చిన్నమ్మ


వైతోకా
ఏప్రిల్ 18

తల్లీ,

పోస్టాఫీసు రేడియోలో చెప్పించిన కబురు నీకు అందే ఉంటుంది. రేడియోలో దీవులన్నీ వింటాయి కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కిందటి ఉత్తరం ఇంకా పోస్టు సంచిలోనే ఉంది. రెండూ ఒకేసారి వస్తాయి. దాన్ని తీసి చింపేద్దామనుకున్నాను. అందులో వాడు బతికి ఉన్నాడని ఉంచేశాను.

ముందు నోట్లో పుళ్ళు లేచాయి. వేడి తగిలి ఉంటుందనుకున్నాను. కొబ్బరిపాలలో చేమాకు మెత్తగా వండి పెడితే నాలుక మండుతోందని పక్కకు నెట్టాడు. తరవాత చిగుళ్ళ నుంచి రక్తం. ఒంటి మీద ఎవరో కొట్టినట్టు నల్లని మచ్చలు. ఆ తరవాత జ్వరం. నర్సు వచ్చి చూసి డెంగ్యూ అంది, ఈ వానలకు అందరికీ వస్తోందంది. నీళ్ళు తాగించమంది. తాగించాను. ఓడ కోసం రేడియోలో అడిగారు. గాలులు తగ్గితే గాని రాదన్నారు.

మింగలేకపోతున్నాను, ఆ మాత్ర మానేస్తానన్నాడు. నేను ఊరుకోలేదు. అది మానితే చర్మం మళ్ళీ మొదటికొస్తుందని, చెంచాలో నలిపి టీలో కలిపి పోశాను. చివరి పొద్దున కూడా పోశాను. సగం పెదవుల పక్కనుంచి కారిపోయింది.

పోయే ముందు నాతో, "చెల్లికి చెప్పు, చేతులు బాగయ్యాయని" అన్నాడు. నీ పేరు ఎత్తలేదు, చెల్లి అన్నాడు. నిజమే. మోచేతులు, మణికట్లు పసివాడివిలా నున్నగా ఉన్నాయి. ఆ చేతులు పైకి పెట్టి, నేను అల్లిన చాపలో చుట్టి సాగనంపాం.

మీ బాబాయి రోజూ ఒక్కరే పడవ తోసుకుని పోతున్నారు. ఓడ లేక నువ్వు రాలేవని తెలుసు, అందుకు బాధపడకు.

చిన్నమ్మ


సువా
మే 12

చిన్నమ్మకు,

రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. నేను తేదీల ప్రకారం చదివాను.

ఏం రాయాలో తెలియడం లేదు. ఆసుపత్రికి వెళ్తున్నాను, వస్తున్నాను. ఆదివారం ప్రార్థనలో అన్నయ్య పేరు చదివించాను. బాబాయిని ఒంటరిగా సముద్రం మీదికి పోనివ్వకు.

రోజూ ఇచ్చానని రాశావు. ఒక్క రోజైనా తప్పలేదా? ఊరికే అడుగుతున్నాను.

ఆ సీసాలో ఇంకా మాత్రలు మిగిలి ఉంటే దయచేసి లోతుగా గొయ్యి తీసి పూడ్చిపెట్టు. పాత మందులు ఇంట్లో ఉంచకూడదు. మాకు అలాగే చెప్పారు. ఎవరికీ ఇవ్వకు. మరిచిపోకు చిన్నమ్మా.

కిటికీ సంగతి ఇప్పుడే ఏమీ అనుకోవద్దని పెద్దలతో చెప్పు.

ఉనాయిసి


వైతోకా
జూన్ 10

ఉనాయిసీ,

నీ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. వాడు పోతే నాకు మిగిలింది నువ్వే. అక్క పోయాక నిన్ను ఈ చేతులతోనే పెంచాను. నాకు రాయడానికి నీకు మాటలు కరువయ్యాయా? చదువు ఒత్తిడి అనుకుంటున్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. గాలివానకు వంటింటి కప్పు లేచిపోయిన పొద్దున కూడా, ముందు వాడికి మాత్ర ఇచ్చాకే రేకుల కోసం పోయాను. మందు విషయంలో నా వల్ల లోటు జరగలేదు. రాత్రిళ్ళు నన్ను కాస్త పడుకోనిస్తున్నది ఆ ఒక్కటే.

వాడి సంతాపం ముగిసే నూరో రాత్రికి చాపలు అల్లుతున్నాం. విలిమైనా రోజూ వచ్చి సాయం కూర్చుంటోంది. అదే, చర్చి అవతల ఇల్లు, మొగుడు ఓడలో వంటవాడు. పాపం దానికీ చేతుల మీద అవే పొలుసులు. ఆకు చీరుతుంటే పగిలి రక్తం వస్తోంది, చాప మీద మరకలు పడకుండా చేతులకు గుడ్డలు కట్టుకుంటోంది. మొన్న తల వంచుకునే అడిగింది.

"అక్కా, పెనాయా చేతులు నేను చూశాను. నున్నగా ఉన్నాయి. ఆ మందు ఇంకా ఉందా?"

"ఉంటే?"

"ఉంటే నాకియ్యవా? కెరెకెరె."

ఆ మాట అన్నాక లేదనడం మన ఇళ్ళలో లేదు. నీకు తెలియంది కాదు. సీసా అడుగున కొన్ని ఉన్నాయి. నువ్వు పూడ్చమన్నావు గాని, పాడవని మందును మట్టిలో పొయ్యడానికి నాకు చేతులు రాలేదు. వాడి ఒంటికి పనిచేసింది ఇంకొకరికి పనికొస్తే వాడి పేరున చేసినట్టుంటుంది. సంతాపం ముగిసేదాకా వాడి వస్తువులు ఇంట్లోంచి కదలకూడదు కాబట్టి, నూరో రాత్రి అయ్యాక ఇస్తానన్నాను. పొద్దునొకటి చొప్పున వేసుకోమని చెబుతాను.

అయినా చదువుకున్నదానివి, ఒక మాట అడుగుదామని రాస్తున్నాను. ఇవ్వొచ్చా?

చిన్నమ్మ


సువా
జూలై 2

చిన్నమ్మకు,

ఇవ్వొద్దని రేడియోలో చెప్పించాను, అందే ఉంటుంది. ఎందుకో అందరూ వినేట్టు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. కూర్చుని చదువు. బాబాయి పక్కన ఉన్నప్పుడు చదువు.

ఆ మాత్ర రోజూ వేసుకునేది కాదు. వారానికి ఒక్కటి. రోజూ వేసుకుంటే ఎముకల్లో రక్తం పుట్టడం ఆగిపోతుంది. ముందు నోట్లో పుళ్ళు లేస్తాయి, తరవాత చిగుళ్ళు, తరవాత నల్ల మచ్చలు, జ్వరం. నువ్వు రాసిన వరసలోనే మా పుస్తకంలో ఉంటుంది. అన్నయ్యది డెంగ్యూ కాదు. నీ రెండో ఉత్తరం సగం చదివేసరికే నాకు తెలిసిపోయింది. తెలిసి మే నెలలో నీకు ఆ నాలుగు ముక్కలు రాశాను. నువ్వు ఎప్పటికీ తెలుసుకోకుండా ఉంటే చాలనుకున్నాను. విలిమైనా అడిగి ఉండకపోతే ఇప్పటికీ రాసేదాన్ని కాదేమో.

నీకు అందిన మాట నేను చెప్పిన మాట కాదు. "సోమవారం పొద్దున ఒకటి, మిగతా రోజుల్లో వద్దని చెప్పు తాతా" అన్నాను. ఆయన తిరిగి, "పొద్దున ఒకటంట!" అన్నాడు. సోమవారం రాలేదు. నేను విన్నాను, చిన్నమ్మా. సోమవారం రాలేదని అప్పుడే విన్నాను. అన్నయ్య వీపు నేను చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. ముసలాయనచేత మళ్ళీ చెప్పిద్దామంటే అప్పటికే వేళాకోళంలో పడ్డాడు, వరస పెరుగుతోంది. కవరు మీద రాశాను కదా అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

ఏ రోజో పేరు పెట్టి రోగి నోటితోనే చెప్పించకుండా ఈ మందు కిటికీ దాటకూడదు. ఆ పాఠంలో క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. "పెనాయా, ఇటు తిరుగు" అని ఒక్కసారి పిలిచి ఉంటే మహా అయితే ఊళ్ళో నెల్లాళ్ళు చెప్పుకునేవారు.

ఇందులో నీ తప్పు లేదు. నేను సగం చెప్పి పంపింది నువ్వు పూర్తిగా చేశావు.

సింగ్ మేడమ్‌కు చెప్పాను. ఆవిడ మార్కుల పుస్తకం తెరిచి నా పేరు వెతికింది. తరవాత, "మార్కులు వేసింది నేను" అంది. ఇద్దరం కలిసి పైవాళ్ళకు రాసిచ్చాం. బోర్డు విచారణ జరుపుతుంది. పరీక్షలు రాయనిస్తారో, రాసినా లైసెన్సు ఇస్తారో తెలియదు. ఇవ్వకపోయినా నేనేమీ అడగను. నాకే ఆ కిటికీ దగ్గర నిలబడాలని లేదు. రేపు పిలిస్తే వాళ్ళతో అదే అనాలనుకుంటున్నాను.

నూరో రాత్రికి ఓడ ఉంది. క్షమాపణ అడగడానికి నాన్న దాచిన తిమింగలం పన్ను, ఆ తంబువా తీసుకుని వస్తాను. నీ గుమ్మం బయట కూర్చుంటాను. నువ్వు లోపలికి రమ్మనేదాకా లేవను.

ఉనాయిసి


వైతోకా
జూలై 20

ఉనాయిసికి,

రేడియో మాట అందింది. పోస్టాఫీసు వరండాలో సగం ఊరుంది. "ఎందుకియ్యొద్దంట?" అని అడిగారు. "పాతబడ్డాయేమో" అన్నాను. అప్పటికి నేనూ అదే అనుకున్నాను.

నీ ఉత్తరం ఓడ వచ్చిన రోజే చదివాను. మర్నాడు మళ్ళీ చదివాను. తరవాత అలమర ముందు నిలబడ్డాను. "పెనాయా - పొద్దున." నా చేతిరాత. ఎంత చక్కగా రాశానో!

మాత్రలు పూడ్చాను. సీసా కడిగి, ఎండబెట్టి, మళ్ళీ అక్కడే పెట్టాను. చీటీ తీయలేదు. అందులో ఇక ఏదీ పొయ్యను.

నా తప్పు లేదని రాశావు. నీది ఎంత, ముసలాయనది ఎంత, ఆ అలది ఎంత, నాది ఎంత అని నేనూ లెక్క వేసి చూశాను. నీ పేరు ముందు రాసుకుని మొదలుపెట్టాను. ఎటునుంచి వేసినా, వాడు మానేస్తానంటే బలవంతంగా చెంచా పెట్టిన చెయ్యి దగ్గరే వచ్చి ఆగుతోంది. వాడు నోరు మూసుకున్నాడు. నేను బుగ్గలు నొక్కి తెరిపించాను. అది నీకు రాయలేదు.

మీ బాబాయికి చెప్పాను. పడవ తీసుకుని వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు. చేపలు తేలేదు. "మన పిల్లకు తెలియజెయ్యి, అన్నం మానొద్దని" అని ఒక్క మాట అన్నారు. అది ఆయన మాట. నా మాట వేరే ఉంది.

తంబువా తేవద్దు. తెస్తే నేను తీసుకోక తప్పదు. అది పట్టుకుని గుమ్మంలో కూర్చున్నవాళ్ళను కాదనడం మన వంశంలో ఎవరూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేను. తీసుకుంటే జరిగింది అక్కడితో సరి. మళ్ళీ నేను ఆ మాట ఎత్తకూడదు, నువ్వు ఎత్తకూడదు. మీ అన్న మాట ఎత్తకుండా నేను ఉండలేను. మే నెలలో నువ్వు ఎత్తకుండా ఉన్నావే, అదీ మరిచిపోలేను. నిన్ను క్షమించమని ఆచారం నా మెడ మీద కూర్చోకూడదు. రావాలంటే ఖాళీ చేతులతో రా. వచ్చినా నీతో మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను. ఒక ఇంట్లో ఉండి మాట్లాడుకోకుండా ఉండటం నీకు అలవాటేగా.

కిటికీ దగ్గర నిలబడలేనని బోర్డు వాళ్ళతో అనకు. వాళ్ళు తీసేస్తే తీసేయనీ, నీ అంతట నువ్వు దిగిపోకు. ఈ దీవిలో మగవాళ్ళు సగం మంది నీకు అన్నదమ్ముల వరస. నువ్వు రాకపోతే ఇంకొకరు వస్తారు. వాళ్ళకు ఈ సంగతి తెలియదు. నీకు తెలుసు. రేపు ఒక్కొక్కడూ వచ్చి నీకు వీపు పెడతాడు. పేరు పెట్టి అరిచి పిలువు. సిగ్గులేనిదని తిట్టుకుంటే తిట్టుకోనీ. నువ్వు పడే ఆ తిట్లు పెనాయాకు చెల్లించినట్టే అనుకుంటాను.

విలిమైనాను చాప మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. దాని చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. "అడిగింది నేనేగదక్కా" అంటుంది. లేదనకూడదని దాని చావును కూడా సీసాలోంచి తీసి ఇవ్వబోయాను. దాన్ని ఈ ఓడలోనే సువా పంపిస్తున్నాను, డాక్టరుకు చూపించుకోవడానికి. ఈ ఉత్తరం తెచ్చినది అదే. అది నీకు ఏ వరసా కాదు. మాట్లాడటానికి అడ్డేమీ లేదు.

ఒకవేళ ఆ మాత్రే రాస్తే, నిన్ను ఆ కిటికీ దగ్గర ఇంకా ఉండనిస్తే, నీ చేత్తోనే ఇవ్వు. అది మొహమాటస్థురాలు, అన్నిటికీ తల ఊపుతుంది. ఊపుడు లెక్కలోకి తీసుకోకు. నోటితో చెప్పించు. వెనక వరస ఎంత పెరిగినా సరే, మళ్ళీ చెప్పించు.

అది తిరిగి వచ్చి పడవ దిగగానే అడుగుతాను, చెల్లి ఏం చెప్పిందని. సోమవారం అన్న మాట దాని నోట వింటే, ఆ రోజు నీకు ఉత్తరం రాస్తాను.

మెరెయోని